వగరు తెలుసా? అయితే వైన్ పాఠం సగం వచ్చినట్టే!

క్యాంపస్‌కి పేరున్న హోటల్ వచ్చింది. ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్ విభాగానికి ఇంటర్వ్యూ. ట్రైనింగ్ ఎక్కడ చేశారని అడిగారు, ఏం నేర్చుకున్నారని అడిగారు. మీరు తడబడకుండా చెప్పారు. చివర్లో ప్యానెల్‌లో ఒకరు మెనూ కార్డు మీ వైపు జరిపి, ‘గెస్ట్ ల్యాంబ్ చాప్స్ ఆర్డర్ చేశారు. దాంతో బోర్డో రెడ్ బాగుంటుందా అని అడుగుతున్నారు. ఏం చెబుతారు?’ అన్నారు. అంతే, మీకు నోట మాట రాలేదు.

ఇందులో మీ తప్పేమీ లేదు. మన ఇళ్లలో చాలావరకు ఆ ప్రస్తావనే రాదు. ఊళ్లో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో అమ్ముడయ్యేది ఎక్కువగా బ్రాందీ, విస్కీ, బీరే. ఇక పుస్తకంలో చూద్దామంటే పేర్లన్నీ ఫ్రెంచివి. ఎలా పలకాలో తెలియదు, దేన్ని దేంతో కలిపి గుర్తుపెట్టుకోవాలో తెలియదు. అందుకే చాలామంది ఈ చాప్టర్‌ను పరీక్షకు ముందు రోజు బట్టీ పట్టి, మర్నాడే మర్చిపోతారు.

నిజానికి బట్టీ అక్కర్లేదు. ఒక్క సీసాను ‘ఎందుకు?’ అని అడుగుతూ అర్థం చేసుకుంటే చాలు, మిగతావి దాని వెంటే వస్తాయి. అలా చదవడానికి ఫ్రాన్స్‌లోని బోర్డో రెడ్ బ్లెండ్‌ను మించిన సీసా లేదు. ప్రపంచంలో ఎన్నో దేశాలు తమ రెడ్ వైన్‌కు దీన్నే నమూనాగా తీసుకున్నాయి.

ముందుగా ఒక మాట

ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. మద్యం ఏ మోతాదులోనూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు కూడా రుచి చూసేటప్పుడు పుక్కిలించి ఉమ్మేస్తారు. అందుకోసం టేబుల్ పక్కన ప్రత్యేకంగా పాత్ర ఉంటుంది. రోజుకు పాతిక, ముప్ఫై రకాలు చూడాల్సినవారు మింగితే పనేం చేస్తారు? కాబట్టి ‘నేను తాగను, ఈ సబ్జెక్టు నాకెలా వస్తుంది?’ అని వెనకడుగు వేయొద్దు. తొలి ఉద్యోగానికి కావాల్సింది అనుభవం కంటే అవగాహన.

బోర్డో ఎక్కడుంది?

ఫ్రాన్స్‌కు నైరుతి మూల, అట్లాంటిక్ సముద్రానికి దగ్గర్లో ఉన్న నగరం బోర్డో. చుట్టూ విస్తారంగా ద్రాక్ష తోటలు. తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం ఎరుపే. గారోన్, డోర్డోన్ అనే రెండు నదులు నగరానికి కాస్త ఉత్తరాన కలిసి, జిరోండ్ అనే వెడల్పాటి సాగర సంగమంగా మారి సముద్రంలోకి వెళ్తాయి. ఈ నీటికి ఎడమవైపు ఉన్న తోటలను ‘లెఫ్ట్ బ్యాంక్’ అనీ, కుడివైపు ఉన్నవాటిని ‘రైట్ బ్యాంక్’ అనీ అంటారు. ఈ రెండు మాటలూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. తర్వాత వచ్చే చాలా ప్రశ్నలకు సమాధానం ఇక్కడే ఉంది.

ఈ వైన్‌కు పేరు రావడం వెనక ఓ పెళ్లి కథ కూడా ఉంది. 1152లో ఈ ప్రాంతపు పాలకురాలు ఎలియనోర్, హెన్రీని పెళ్లాడింది. రెండేళ్లకు అతడు ఇంగ్లండ్ రాజయ్యాడు. అలా 1453 వరకు సుమారు 300 ఏళ్లు బోర్డో ఇంగ్లండ్ రాజుల చేతిలో ఉంది, ఓడల్లో పీపాలు అటు వెళ్లాయి. ఇప్పటికీ బ్రిటిష్ గెస్టులు బోర్డో రెడ్‌ను ‘క్లారెట్’ అంటారు. ఎవరైనా ‘క్లారెట్ ఉందా?’ అని అడిగితే, లేదని చెప్పేయకండి!

ఎందుకు కలుపుతారు?

అసలు ప్రశ్న ఇదే. మంచి ద్రాక్ష ఒకటి ఉంటే దాంతోనే చేయొచ్చు కదా, నాలుగైదు రకాలు కలపడం దేనికి?

మొదటి కారణం వాతావరణం. సముద్రం పక్కన కావడంతో ఇక్కడ వాన ఎప్పుడు పడుతుందో, మంచు ఎప్పుడు కొడుతుందో చెప్పలేం. మెర్లో రకం త్వరగా చిగురిస్తుంది, త్వరగా పండుతుంది. వసంతంలో మంచు కురిస్తే ముందు దెబ్బతినేది అదే. కాబర్నే సోవిన్యాన్ ఆలస్యంగా పండుతుంది. అక్టోబరులో వానలు ముంచుకొస్తే దానికి కష్టం. 1956 ఫిబ్రవరిలో విపరీతమైన చలికి రైట్ బ్యాంక్‌లో లెక్కలేనన్ని మొక్కలు చచ్చిపోయాయి. 2017 ఏప్రిల్ చివర్లో మంచు మళ్లీ ఈ ప్రాంతాన్ని దెబ్బతీసింది. ఒకే రకాన్ని నమ్ముకున్న రైతుకు ఆ ఏడాది చేతికి ఏమీ రాదు. పత్తి చేలో కంది సాళ్లు ఎందుకు వేస్తారో తెలిసినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది.

రెండో కారణం రుచి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఒక్కటే ఉంటే నోట పెట్టలేం, బెల్లం ఒక్కటే ఉంటే అది పచ్చడే కాదు. ఒకదాని లోటును ఇంకొకటి పూడుస్తుంది. బోర్డోలోనూ అంతే. కాబర్నేకు నిటారైన నిర్మాణం ఉంటుంది, మధ్యలో కాస్త బోలుగా అనిపిస్తుంది. ఆ బోలును మెర్లో తన మెత్తదనంతో నింపుతుంది. అందుకే ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం పాళ్లు మారుతుంటాయి. కాబర్నే బాగా పండిన ఏడు దాని వాటా పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది.

ఎవరి వంతు ఎంత?

ముందు ఉచ్చారణ సంగతి. మెర్లాట్ కాదు, మెర్లో. కాబర్నెట్ కాదు, కాబర్నే. ఫ్రెంచ్‌లో ఇలాంటి పేర్ల చివరి ‘ట’ పలకరు. ఇది ఒక్కటి సరిచేసుకున్నా ఇంటర్వ్యూలో సగం బెరుకు పోతుంది.

కాబర్నే సోవిన్యాన్: చిన్న గింజ, మందమైన తోలు, ముదురు రంగు. వగరు, పులుపు రెండూ ఎక్కువ. బ్లాక్‌కరెంట్, దేవదారు చెక్క వాసనలు. సరిగా పండకపోతే పచ్చి క్యాప్సికమ్ వాసన వస్తుంది. ఎక్కువ ఏళ్లు నిల్వ ఉండే బలం దీనిదే.

మెర్లో: బోర్డోలో అత్యధికంగా సాగయ్యే ఎర్ర రకం. ప్లమ్ పండు వాసన, మెత్తటి వగరు, కాస్త ఎక్కువ ఆల్కహాల్. కొత్తగా రుచి చూసేవారికి త్వరగా నచ్చేది ఇదే.

కాబర్నే ఫ్రాంక్: సువాసన కోసం. వయొలెట్ పూలు, రాస్ప్‌బెర్రీ, కొద్దిగా పచ్చి ఆకు వాసన. రైట్ బ్యాంక్‌లోని సెయింట్ ఎమిలియన్‌లో దీనికి గౌరవం ఎక్కువ.

పెతి వెర్దో: చాలా ఆలస్యంగా పండుతుంది. తాలింపులో ఇంగువలా కొద్దిగానే వేస్తారు. రంగు, వగరు, ఘాటు పెంచుతుంది.

మాల్బెక్, కార్మెనేర్: బోర్డోలో ఇప్పుడు తక్కువే. కానీ వలస వెళ్లి బాగుపడ్డాయి. మాల్బెక్ అర్జెంటీనాకు పేరు తెచ్చింది. కార్మెనేర్ కథ ఇంకా ఆసక్తికరం. చిలీలో దశాబ్దాల పాటు మెర్లో అనుకుని పెంచిన తోటల్లో చాలా భాగం కార్మెనేర్ అని 1994లో తేలింది!

ఇంకో విశేషం. కాబర్నే సోవిన్యాన్ తల్లిదండ్రులు కాబర్నే ఫ్రాంక్, సోవిన్యాన్ బ్లాంక్ అని 1990ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు డీఎన్‌ఏ పరీక్షలతో తేల్చారు. మెర్లోకు కూడా కాబర్నే ఫ్రాంక్ జనకుడే. అంటే కాబర్నే, మెర్లో ఒకే తండ్రి బిడ్డలు. ఒకే సీసాలో వాటికి పొత్తు కుదిరిందంటే వింతేముంది!

మనకు తెలిసిన ద్రాక్షతో పోల్చుకుంటే తేడా బాగా తెలుస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల తోటలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి పెద్ద గింజ, పలచని తోలు, నిండా రసం. తినడానికి అది బాగు. వైన్ ద్రాక్ష గింజ చిన్నది. రంగు, వగరు ఉండేది తోలులో, విత్తనాల్లో కాబట్టి రసంతో పోలిస్తే తోలు ఎంత ఎక్కువైతే అంత మంచిది.

ఎడమ ఒడ్డు, కుడి ఒడ్డు

లెఫ్ట్ బ్యాంక్‌లోని మెడోక్ ప్రాంతంలో నేలంతా గులకరాళ్లు. వాన నీరు నిలవదు. పగటి వేడిని రాళ్లు పట్టి ఉంచుతాయి. ఆలస్యంగా పండే కాబర్నేకు ఆ వేడి అవసరం. అందుకే ఇక్కడి బ్లెండ్‌లో దానిదే పెద్ద వాటా. పొయాక్, మార్గో వంటి పేర్లు ఈ వైపువే.

రైట్ బ్యాంక్‌లో బంకమట్టి, సున్నపురాయి. బంకమట్టి చల్లగా ఉంటుంది, తేమ పట్టి ఉంచుతుంది. త్వరగా పండే మెర్లోకు అది చాలు. సెయింట్ ఎమిలియన్, పొమెరోల్ ఈ వైపువి. కాబట్టి గెస్ట్ ‘కాస్త మెత్తగా ఉండేది కావాలి’ అంటే కుడివైపు చూపించండి. ‘గట్టిగా, నిర్మాణం ఉన్నది కావాలి’ అంటే ఎడమవైపు. నేల తెలిస్తే ద్రాక్ష తెలుస్తుంది, ద్రాక్ష తెలిస్తే రుచి తెలుస్తుంది.

తోట నుంచి సీసా దాకా

కోతలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. ద్రాక్ష గుజ్జుకు దాదాపు రంగే ఉండదు. అందుకే నలిపిన రసాన్ని తోలుతో పాటే ట్యాంకుల్లో ఉంచి పులియబెడతారు. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది, ఈలోగా తోలులోని రంగు, వగరు రసంలోకి దిగుతాయి. ఒక్కో రకాన్ని, మంచి ఎస్టేట్లలో ఒక్కో మడిని కూడా విడివిడిగానే చేస్తారు. ఆ తర్వాత చలికాలంలో వాటిని రుచి చూసి, ఏది ఎంత కలపాలో తేలుస్తారు. ఈ ఘట్టాన్ని ఫ్రెంచ్‌లో ‘అసాంబ్లాజ్’ అంటారు. కొన్ని ఎస్టేట్లలో ఈ నిర్ణయం ఇంకా ఆలస్యంగా జరుగుతుంది.

మేలు రకాలను 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాది, ఏడాదిన్నర ఉంచుతారు. ఒక పీపా అంటే 300 సీసాలు. పీపాలోని వైన్‌ను తేటపరచడానికి కోడిగుడ్డు తెల్లసొన వాడటం ఇక్కడి పాత అలవాటు. మిగిలిన పచ్చసొనల నుంచే బోర్డో ప్రసిద్ధ తీపి వంటకం ‘కానెలె’ పుట్టిందని చెబుతారు. ఇది కథ మాత్రమే కాదు, మీ ఉద్యోగానికి పనికొచ్చే విషయం కూడా. పూర్తి శాకాహారి అయిన గెస్ట్ అడిగితే ‘అన్ని వైన్లూ శాకాహారం కావు, ఈ బ్రాండ్ సంగతి కనుక్కుని చెబుతాను’ అనగలగాలి.

లేబుల్ చదవడం

ఫ్రెంచ్ లేబుల్ మీద చాలాసార్లు ద్రాక్ష పేరు ఉండదు, ఊరి పేరు ఉంటుంది. ఊరు చూసి ద్రాక్షను మీరే ఊహించాలి. పొయాక్ అని ఉంటే కాబర్నే ఎక్కువ, పొమెరోల్ అని ఉంటే మెర్లో ఎక్కువ. ‘షాటో’ అంటే కోట అని అర్థమైనా, ఇక్కడ ఎస్టేట్ అని తీసుకోవాలి. సంవత్సరం ఉంటే అది కోత జరిగిన ఏడు, సీసాలో నింపిన ఏడు కాదు.

‘గ్రాండ్ క్రూ క్లాసే’ అని ఉంటే 1855 జాబితాను గుర్తుచేసుకోండి. పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం, మూడో నెపోలియన్ హయాంలో, ఎస్టేట్లను ఐదు తరగతులుగా విభజించారు. ఆ ఎర్ర వైన్ల జాబితాలో దాదాపు అన్నీ మెడోక్‌వే. 1973లో మూటోన్ రాత్‌షీల్డ్‌ను రెండో తరగతి నుంచి మొదటికి పెంచడమే అందులో చెప్పుకోదగ్గ పెద్ద మార్పు. రైట్ బ్యాంక్‌కు ఆ జాబితాలో చోటు లేదు. సెయింట్ ఎమిలియన్ 1955లో సొంత వర్గీకరణ పెట్టుకుంది. పొమెరోల్‌కు ఇప్పటికీ వర్గీకరణే లేదు.

వర్తమానం కూడా తెలిసుండాలి. వేడి పెరిగి ద్రాక్ష మరీ త్వరగా పండిపోతుండటంతో, బోర్డో, బోర్డో సుపీరియర్ వైన్ల కోసం నాలుగు కొత్త ఎర్ర రకాలకు 2021లో అనుమతి వచ్చింది. అవి మార్సెలాన్, టూరిగా నాసియోనల్, కాస్టెట్స్, అరినార్నోవా. బ్లెండ్‌లో ఈ కొత్త రకాల వాటా 10 శాతం మించకూడదు. వందల ఏళ్ల సంప్రదాయం కూడా వాతావరణ మార్పుకు తలవంచాల్సి వచ్చిందని చెప్పగలిగితే, మీరు పుస్తకం దాటి చదివారని ప్యానెల్‌కు అర్థమవుతుంది.

వగరు: మన దగ్గరున్న తాళంచెవి

ఇప్పుడు అసలు పాఠం. రెడ్ వైన్‌లో ‘టానిన్’ అనే మాట వినగానే చాలామంది బెదిరిపోతారు. టానిన్ నోటికి ఇచ్చేది మన వగరే. షడ్రుచుల్లో దానికి మనం ఎప్పుడో చోటిచ్చాం. పచ్చి జామకాయ కొరికినప్పుడు, అరటికాయ ముక్క నమిలినప్పుడు, వక్క బుగ్గన పెట్టుకున్నప్పుడు నాలుక పిడచకట్టినట్టు అవుతుంది కదా, అదే.

ఇంట్లో ఓ చిన్న ప్రయోగం చేయండి. టీ పొడి కాస్త ఎక్కువేసి, పాలు, చక్కెర లేకుండా బాగా మరిగించండి. ఒక గుక్క తాగండి. చిగుళ్లు, నాలుక ఎండినట్టవుతాయి. లాలాజలంలోని ప్రొటీన్లను టానిన్ పట్టేసుకోవడం వల్ల అలా అనిపిస్తుంది. ఇప్పుడు అదే టీలో నాలుగు చెంచాల పాలు కలపండి. వగరు తగ్గింది! పాలలోని ప్రొటీన్లు ముందుకొచ్చి టానిన్‌ను పట్టుకున్నాయి, మీ నోటిని వదిలేశాయి.

ల్యాంబ్ చాప్స్‌తో బోర్డో ఎందుకు బాగుంటుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. మాంసంలోని ప్రొటీన్, కొవ్వు వగరును మెత్తబరుస్తాయి. వైన్‌లోని పులుపు, వగరు కలిసి నోటికి పట్టిన కొవ్వును కడిగేస్తాయి. బోర్డోవాళ్లు పొయాక్ గొర్రెపిల్ల మాంసాన్ని పొయాక్ వైన్‌తో తినేది అందుకే. ఎర్ర వైన్, చిన్న ఉల్లి, ఎముక మూలుగు కలిపిన సాస్‌తో చేసే ‘ఆంత్రకోత్ ఆ లా బోర్డలేజ్’ అనే బీఫ్ స్టీక్ కూడా ఇక్కడి ప్రసిద్ధ వంటకమే. బాతు మాంసం, గట్టి చీజ్, వేయించిన పుట్టగొడుగులు కూడా దీనికి జోడీలే.

మన మెనూతో కుదురుతుందా?

హైదరాబాద్ హోటల్లో గెస్ట్ బిర్యానీనో, గోంగూర మటనో తెప్పించుకుని రెడ్ వైన్ అడగొచ్చు. అప్పుడు నిజాయతీగా చెప్పడమే మంచి సర్వీస్. కారానికీ వగరుకూ పడదు. కారంతో నోరు మండుతున్నప్పుడు ఆల్కహాల్ ఆ మంటను పెంచుతుంది, టానిన్ చేదుగా తోస్తుంది. వేడి మిర్చి బజ్జీ తిని వెంటనే పాలు లేని వేడి టీ తాగి చూస్తే సంగతి తెలుస్తుంది. గోంగూర పులుపు ముందు వైన్ పులుపు చప్పబడుతుంది.

అందుకే కారం ఎక్కువున్న వంటకానికి గట్టి కాబర్నే సిఫార్సు చేయొద్దు. ఎర్రదే కావాలంటే వగరు తక్కువున్న, మెర్లో ఎక్కువున్న లేత వైన్ చెప్పండి. బోటీ కబాబ్, సీక్ కబాబ్, కారం తగ్గించిన మటన్ రోస్ట్ వంటివాటితో బోర్డో బాగా నిలబడుతుంది. శాకాహారులకు పనీర్ టిక్కా, పుట్టగొడుగుల కబాబ్. చేపల వేపుడుతో మాత్రం వద్దు. చేప నూనె, ఎర్ర వైన్ కలిస్తే నోట్లో లోహపు రుచి తగులుతుంది.

సర్వ్ చేసేటప్పుడు

‘రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలి’ అని పుస్తకంలో ఉంటుంది. ఆ రూమ్ యూరప్‌లోని పాత ఇళ్లది, మన మే నెల గది కాదు. బోర్డోకు 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. సీసా వేడిగా ఉంటే ఐస్ బకెట్‌లో పది, పదిహేను నిమిషాలు పెట్టాలి. లేకపోతే ఆల్కహాల్ ఘాటే ముందు తగులుతుంది.

ముందు లేబుల్ హోస్ట్‌కు చూపించి పేరు, సంవత్సరం చదివి చెప్పాలి. తెరిచాక కొద్దిగా హోస్ట్‌కే పోయాలి. సరేనన్నాక అతిథులకు, చివర్లో హోస్ట్‌కు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తోందంటే కార్క్ పాడైందని అర్థం. వాదించకుండా సీనియర్‌కు చెప్పి సీసా మార్చాలి. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. ఈ లెక్క తెలిస్తే ఆరుగురు ఉన్న టేబుల్‌కు ముందే ఏం చెప్పాలో తెలుస్తుంది. గెస్ట్ వద్దంటే మళ్లీ అడగకండి, కారణం అసలే అడగకండి.

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

మొదట్లో తగిలిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చూద్దాం. ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చినా వరుస ఇదే.

‘బాగుంటుంది సర్. బోర్డో రెడ్ ప్రధానంగా కాబర్నే సోవిన్యాన్, మెర్లోల బ్లెండ్. అందులోని టానిన్‌ను ల్యాంబ్‌లోని ప్రొటీన్, కొవ్వు మెత్తబరుస్తాయి. చాప్స్ మసాలా లేకుండా గ్రిల్ చేసినవైతే లెఫ్ట్ బ్యాంక్ వైన్, ఉదాహరణకు పొయాక్ చెబుతాను. మసాలా ఉంటే మెత్తగా ఉండే రైట్ బ్యాంక్ వైన్, సెయింట్ ఎమిలియన్ చెబుతాను. ముందు గెస్ట్ ఇష్టం, బడ్జెట్ కనుక్కుంటాను.’

గమనించండి, ఇందులో గొప్ప మాటలేం లేవు. ఏమిటి, ఎందుకు, ఎప్పుడు మారుతుంది, గెస్ట్‌కు ఏం కావాలి... ఈ నాలుగే ఉన్నాయి. ‘మీరు తాగుతారా?’ అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ‘తాగను సర్, కానీ చదివాను’ అనడం తక్కువేమీ కాదు. తాగకుండా తాగినట్టు చెబితే మాత్రం తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు.

దారులు ఏమిటి?

హోటళ్లు, క్రూయిజ్ నౌకలు, విమానయాన సంస్థలు, ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీ దుకాణాలు, దిగుమతి సంస్థలు... వీటన్నిటిలో వైన్ తెలిసినవారికి పని ఉంటుంది. సాధారణంగా స్టివార్డ్‌గా మొదలై, కెప్టెన్‌గా ఎదిగి, ఆసక్తి ఉంటే సొమెలియే, అంటే వైన్ నిపుణుడు కావచ్చు. నేరుగా సొమెలియే ఉద్యోగం దొరకడం అరుదు, ట్రే మోయాల్సిందే.

ఇంటర్ తర్వాత హోటల్ మేనేజ్‌మెంట్ చదవాలనుకుంటే ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాసి హైదరాబాద్ ఐహెచ్‌ఎం వంటి సంస్థల్లో చేరొచ్చు. వైన్‌లో ప్రత్యేకంగా ఎదగాలంటే లండన్‌లో 1969లో మొదలైన డబ్ల్యూఎస్‌ఈటీ సర్టిఫికెట్లకు ప్రపంచవ్యాప్త గుర్తింపు ఉంది. లెవెల్ 1లో 30, లెవెల్ 2లో 50 బహుళైచ్ఛిక ప్రశ్నలు. రుచి చూసే పరీక్ష లెవెల్ 3 నుంచే ఉంటుంది. అన్నిటికంటే పై మెట్టు ‘మాస్టర్ ఆఫ్ వైన్’. 2016లో సోనాల్ హాలండ్ ఆ అర్హత సాధించి, మన దేశం నుంచి తొలి మాస్టర్ ఆఫ్ వైన్‌గా నిలిచారు.

సైన్సు విద్యార్థులకూ చోటుంది. హార్టీకల్చర్, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ చదివినవారు తోటలు, ప్రయోగశాలల వైపు వెళ్లొచ్చు. పుణె దగ్గర మాంజరిలో ఐసీఏఆర్‌కు చెందిన జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. మహారాష్ట్రలోని నాసిక్, కర్ణాటకలోని నంది హిల్స్ వైనరీలకు పేరున్న ప్రాంతాలు. పొమెరోల్‌కు చెందిన మిషెల్ రోలాన్ నంది హిల్స్‌లోని గ్రోవర్ వైనరీకి సలహాదారుగా పనిచేశారు. అక్కడి కాబర్నే, షిరాజ్ బ్లెండ్ వెనక బోర్డో పాఠమే ఉంది.

ఒక జాగ్రత్త. సర్టిఫికెట్ కోర్సుల ఫీజులు తక్కువేమీ కాదు. అప్పు చేసి పైలెవెల్ కోర్సులో చేరొద్దు. ముందు ఉద్యోగం, తర్వాత లెవెల్ 1. కొన్ని హోటళ్లు సిబ్బందికి శిక్షణ ఖర్చు భరిస్తాయి, చేరేటప్పుడే అడగండి. ఇంకో జాగ్రత్త ఫీజుకు సంబంధించింది కాదు. ఈ పనిలో సీసా ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. ఉమ్మేయడం అలవాటు చేసుకున్నవారే ఈ వృత్తిలో చాలాకాలం నిలుస్తారు.

ఈ వారం చేయాల్సింది

ఒక తెల్లకాగితం మీద జిరోండ్ గీయండి. ఎడమవైపు గులకరాళ్లు, కాబర్నే, పొయాక్ అని రాయండి. కుడివైపు బంకమట్టి, మెర్లో, పొమెరోల్ అని రాయండి. కింద టీ ప్రయోగం రాయండి. అద్దం ముందు నిలబడి ఆ జవాబును రోజుకు రెండుసార్లు పైకి చెప్పండి, ఇంగ్లిష్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఈసారి ప్యానెల్ మెనూ కార్డు మీ వైపు జరిపినప్పుడు ఫ్రెంచ్ పేర్ల కోసం వెతుక్కోకండి. ముందు పచ్చి జామకాయను గుర్తుచేసుకోండి, మిగతా జవాబు దాని వెనకే వస్తుంది.